నమాజు వేళల యాప్‌ను మన ఇంట్లోనే తయారు చేసుకోగలమా?



ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లోని మన ఇళ్లలో ఇటీవల తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "అమ్మాయి ఇంజినీరింగ్ మూడవ సంవత్సరంలోకి వచ్చింది. ప్రాజెక్టుకు కొత్త ల్యాప్‌టాప్ కావాలంటున్నది. 80 వేలు ఎక్కడి నుంచి తేగలం? ఇంట్లో ఉన్న పాతది పనికిరాదా?" ఈ ప్రశ్న వెనుక ఒక నెల జీతమో, అమ్మీ చెవి కమ్మలో, చిట్టీ పాటో ఉంటుంది. కనుక దీనికి తేలికగా జవాబు చెప్పరాదు. ఆ కంప్యూటర్‌పై అమ్మాయి చేయబోయే పని ఏమిటో ముందుగా తెలుసుకొని, తరువాతనే డబ్బు సంగతి ఆలోచించాలి.

కళాశాలల్లో పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. 20 వరుసల ప్రోగ్రామో, 200 వరుసల ప్రోగ్రామో రాయిస్తారు. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఎవరూ కొత్త ప్రోగ్రాము రాయమని అడగరు. పదిమంది కలిసి ఏళ్ల తరబడి రాసిన లక్షల వరుసల కోడ్‌ను చేతికిచ్చి, "ముందు దీనిని నీ కంప్యూటర్‌లో బిల్డ్ చేసి నడిపించు" అంటారు. చాలామంది తెలివైన పిల్లలు చతికిలబడేది అక్కడే. ఈ నెల ఆ పని గురించే మాట్లాడుకుందాం. ఉదాహరణగా మన ఇళ్లన్నిటికీ పరిచయమున్న వస్తువునే, నమాజు వేళలు చూపే ప్రోగ్రామునే తీసుకుందాం.

సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం. దానిని మనిషి చదవగలడు. కంప్యూటర్ నడిపేది మాత్రం ఒకట్లు, సున్నాలతో కూడిన యంత్రభాషను. మొదటిదానిని రెండవదిగా మార్చే పనిముట్టుకు కంపైలర్ అని పేరు. రంజాన్ మాసంలో మనం హోటల్ నుంచి హలీమ్ డబ్బా తెచ్చుకుంటాం. దానిని తినగలం, రుచి బాగుందో లేదో చెప్పగలం. కాని అందులో గోధుమలు ఎంత, పప్పు ఎంత, నెయ్యి ఏ రకానిది, మాంసం ఎక్కడిది అన్నవి ఆ డబ్బాలో నుంచి వేరు చేసి చూపలేము. ఘోట్నీతో దంచిన తరువాత గోధుమ మళ్లీ గోధుమ కాజాలదు. ఫోన్‌లో మనం దించుకునే యాప్‌లన్నీ అటువంటి వండిన డబ్బాలే. వంట విధానం రాసిన కాగితం మన చేతికి అందితే సంగతి వేరు. ఏ దినుసు ఎంతో చదవవచ్చు, ఉప్పు తగ్గించవచ్చు, ఇంట్లోనే వండుకోవచ్చు. సోర్స్ కోడ్ ఆ కాగితం వంటిది. ఆ వంటకు కావలసిన పొయ్యి, దేగ్చీ, ఘోట్నీ, దినుసులు అన్నిటినీ సరైన కొలతలో, సరైన చోట అమర్చుకోవడాన్నే డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ సిద్ధం చేసుకోవడం అంటారు.

ఇంత శ్రమ ఎందుకు, తయారుగా ఉన్న యాప్ దించుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. 2020 నవంబరులో వెలువడిన ఒక వార్తను గుర్తు చేస్తాను. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే 'ముస్లిం ప్రో' అనే యాప్‌ను ప్రపంచవ్యాప్తంగా కోట్లమంది దించుకున్నారు. అది వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారన్న వివరాలు 'ఎక్స్-మోడ్' అనే డేటా వ్యాపార సంస్థకు చేరుతున్నాయనీ, ఆ సంస్థ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారనీ 'మదర్‌బోర్డ్' అనే పత్రిక బయటపెట్టింది. సైన్యానికి తాము వివరాలు అమ్మామన్న మాటను యాప్ యజమానులు ఖండించారు. ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకున్నామని ప్రకటించారు. మరుసటి నెలలోనే ఆపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్-మోడ్ కోడ్‌ను తమ యాప్‌లలో నుంచి తొలగించాలని యాప్ తయారీదారులను ఆదేశించాయి. ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల స్థాన వివరాలను అమ్మరాదని 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థను కట్టడి చేసింది. ఫజ్ర్ వేళ తెలుసుకోవడానికి ఫోన్ తెరిచిన మనిషికి, తాను ఏ వీధిలో ఉన్నాడన్న సమాచారం మూడో చేతికి వెళ్తున్నదని ఏ విధంగా తెలుస్తుంది? డబ్బాను ఎంత తిప్పి చూసినా తెలియదు. కాగితం ఉంటేనే తెలుస్తుంది.

మరొక కారణం మన ఇంటి అలవాట్లకు సంబంధించినది. పాత కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణదారు 'అన్నీ వేసి ఇచ్చాను' అంటాడు. ఆ 'అన్నీ'లో సగం దొంగ ప్రతులు. లైసెన్సు తాళం విరగ్గొట్టిన వాటిలో వైరస్ ఉండే ప్రమాదం సరే సరి. ఇతరుల సొత్తును అనుమతి లేకుండా వాడుకోవడం ధర్మసమ్మతమా అన్న ప్రశ్న కూడా ఉన్నది. దానికి జవాబు మీ ఉలమాలను అడిగి తెలుసుకోండి. నేను చెప్పగలిగింది ఒక్కటే: ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి ఆ అవసరమే లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. ఆ రెండూ కలిసిన ఫలితంగా ఈనాడు ఎవరైనా ఉచితంగా దించుకొని, ఎంతమందికైనా పంచుకోగలిగే పూర్తి వ్యవస్థ మన ముందున్నది. కంపైలర్ మొదలు ఎడిటర్ వరకు అన్నీ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను కూడా రూపొందించింది.

మన పరిసరాలకు ఈ విద్య కొత్తదేమీ కాదు. నాచారం, మల్లాపూర్ దాటి వెళ్తే 1967లో స్థాపితమైన ఈసీఐఎల్ వస్తుంది. మన దేశంలో తయారైన తొలి తరం కంప్యూటర్లలో టీడీసీ-12, టీడీసీ-316 అక్కడివే. ఉప్పల్ రోడ్డుపై ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ ఉన్నాయి. ఉప్పల్‌లో డీఎన్ఏ పరిశోధన చేసే సీడీఎఫ్‌డీ ఉన్నది. జన్యు సమాచారాన్ని విశ్లేషించడానికి ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడే పనిముట్లలో చాలాభాగం సోర్స్ కోడ్‌గానే లభిస్తాయి. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకే కాక జీవశాస్త్రం, భూభౌతికశాస్త్రం చదివే పిల్లలకు కూడా ఈ నేర్పు అక్కరకు వస్తుంది. మెట్రోలో ఆ గోడల పక్కనుంచి రోజూ వెళ్లే మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

ఇక కంప్యూటర్ విషయం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌పై కూడా సీ భాషలో రాసిన చిన్న, మధ్య స్థాయి ప్రోగ్రాములను నిక్షేపంగా బిల్డ్ చేయవచ్చు. ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయాలంటే మాత్రం అది చాలదు. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ఉండాలని గూగుల్ చెబుతున్నది. కంప్యూటర్‌లోనే నకిలీ ఫోన్‌ను చూపే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ కావాలి. ఆ నకిలీ ఫోన్ లేకుండా, ఇంట్లో ఉన్న అసలు ఫోన్‌నే కేబుల్‌తో తగిలించి పరీక్షించుకోవచ్చు కనుక 8 జీబీతో పని గట్టెక్కుతుంది. ర్యామ్ కంటే ముందు చూడవలసింది డిస్కును. లోపల తిరిగే పాత హార్డ్‌డిస్కు ఉంటే దానిని తీసివేసి ఎస్ఎస్‌డీ వేయించండి. బిల్డ్ చేసేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను చదవడం, రాయడం జరుగుతుంది కనుక అక్కడే అసలు వేగం వస్తుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లోని సీటీసీ దగ్గరే. ఆ సముదాయంలో నాలుగు దుకాణాలు తిరిగి ధర కనుక్కోండి. పాత యంత్రానికి ఈ రెండు మార్పులు చేయించడానికయ్యే ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే. అయితే కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు, పెంచడానికి వీలుండదు. డబ్బు ఇచ్చే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. ఒకే కంప్యూటర్ ఉన్న చాలా ఇళ్లలో అది తమ్ముడి ఆటలకు ముందు, అక్క చదువుకు తరువాత. బిల్డ్ మధ్యలో ఆపివేస్తే పనికి భంగం కలుగుతుంది. ఇషా తరువాత రెండు గంటలు ఆ యంత్రం అమ్మాయిదేనని అబ్బా ఒక్క మాట అంటే, 80 వేల సమస్య సగం తీరుతుంది.

డెబియన్ లేదా ఉబుంటు, ఏదైనా ఒక లినక్స్‌ను పెన్‌డ్రైవ్ సాయంతో వేసుకోవాలి. పాత యంత్రానికి ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన తెర సరిపోతుంది. ఉన్న విండోస్ పక్కనే వేసుకునే వీలున్నది. కాని డిస్కును విభజించే ముందు పెళ్లి ఫొటోలు, ఆధార్ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు వేరే చోట భద్రపరచుకోండి. ఈ ఒక్క జాగ్రత్త మరచి ఏడ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

లినక్స్ సిద్ధమైన తరువాత 'బిల్డ్-ఎసెన్షియల్' అనే ప్యాకేజీని వేసుకోవాలి. ఒక్క ఆజ్ఞతో జీసీసీ కంపైలర్, మేక్, వాటికి కావలసిన ఫైళ్లు అన్నీ వస్తాయి. దానితోపాటు గిట్ కావాలి. కోడ్‌ను దించుకోవడానికి, ఎవరు ఎప్పుడు ఏ వరుస మార్చారో చూడడానికి ఉపయోగపడే పనిముట్టు అది. 2005లో టోర్వాల్డ్సే దానిని రాశారు.

మొదటి అభ్యాసానికి గ్నూ వారి 'హలో' అనే ప్రోగ్రామును ఎంచుకోండి. అది చేసే పని ఒక్క పలకరింపును తెరపై రాయడమే. అయినా పెద్ద ప్రోగ్రాములకు ఉండే హంగులన్నీ దానికి ఉన్నాయి, ఎందుకంటే నేర్పడానికే దానిని రాశారు. దించుకొని విప్పి, ఆ ఫోల్డరులో మొదట 'కాన్ఫిగర్' అనే స్క్రిప్టును నడపాలి. అది మన యంత్రమంతా కలియజూసి, కంపైలర్ ఉన్నదా, ఏ ఏ సౌకర్యాలు ఉన్నాయి అని పరీక్షించి, మన ఇంటికి తగిన 'మేక్‌ఫైల్'ను రాసి పెడుతుంది. తరువాత 'మేక్' అంటే కంపైలర్ పని మొదలవుతుంది. 'మేక్ చెక్' అంటే తయారైనది సరిగా పనిచేస్తున్నదో లేదో పరీక్షలు జరుగుతాయి. ఇప్పుడు సోర్స్ ఫైలు తెరచి ఆ పలకరింపును తీసివేసి 'అస్సలాము అలైకుమ్' అని రాసి, మళ్లీ 'మేక్' అనండి. ఈసారి క్షణంలో ముగుస్తుంది. ఏ ఫైలు మారిందో దాని సమయముద్రను బట్టి గుర్తించి, దానిని మాత్రమే మళ్లీ కంపైల్ చేయడం మేక్ ప్రత్యేకత. ప్రోగ్రాము మనకు సలాం చెబుతుంది. కాని 'మేక్ చెక్' అంటే మాత్రం పరీక్ష తప్పిందని ఫిర్యాదు వస్తుంది, ఎందుకంటే పరీక్ష రాసినవారు పాత పలకరింపునే ఆశించారు. ప్రోగ్రాము మారితే దాని పరీక్షను కూడా మార్చాలన్న పాఠం ఇక్కడే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పిల్లలకు బోధపడుతుంది.

ఎర్రర్లు వస్తాయి, తప్పకుండా వస్తాయి. తెర నిండా ఎర్ర అక్షరాలు పరుగెత్తగానే పిల్లలు చివరి వరుసను చదివి బెంబేలెత్తుతారు. చదవవలసింది మొట్టమొదటి ఎర్రర్‌ను. తరువాతివన్నీ చాలాసార్లు దాని సంతానమే. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే పనిముట్టు వేసుకోలేదని, లేదా వేసుకున్నా దాని చిరునామా 'పాత్'లో లేదని అర్థం. 'డాట్ హెచ్'తో ముగిసే ఏదో ఫైలు దొరకలేదంటే ఆ లైబ్రరీ తాలూకు 'డెవ్' ప్యాకేజీ లేదని అర్థం. డెబియన్‌లో ఒకే లైబ్రరీ రెండు ముక్కలుగా వస్తుంది: నడపడానికి ఒకటి, దానిపై ఆధారపడి మరొకటి తయారు చేయడానికి కావలసినది ఇంకొకటి. రెండవదాని పేరు చివర 'డెవ్' అని ఉంటుంది. ఇంత చిన్న విషయం తెలియక సెలవులన్నీ పోగొట్టుకునేవారుంటారు. 'పర్మిషన్ డినైడ్' అని వచ్చినప్పుడు మాత్రం వెంటనే 'సుడో' తగిలించే అలవాటు చేసుకోవద్దు. అది ఇంటి తాళాలన్నీ కలిపి ఇచ్చే గుత్తి. కొత్తగా బిల్డ్ చేసినవాటిని మన హోమ్ ఫోల్డరులోనే ఒక మూల పెట్టుకుంటే ఆ గుత్తితో పనే లేదు.

రెండవ మెట్టుగా నమాజు వేళలను లెక్కించే లైబ్రరీని తీసుకుందాం. 'బతూల్ యాప్స్' వారు 'అధాన్' అనే పేరుతో దానిని బహిరంగంగా ఉంచారు. జావాస్క్రిప్ట్, స్విఫ్ట్, కోట్లిన్ వంటి అనేక భాషల్లో అది లభిస్తున్నది. లైసెన్సు ఎంఐటీ, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. జావాస్క్రిప్ట్ రూపానికి నోడ్ అనే పనిముట్టు ఉంటే చాలు, కనుక 4 జీబీ యంత్రం కూడా సరిపోతుంది. గిట్‌తో దించుకొని, కావలసిన ఉపకరణాలను 'ఎన్‌పీఎం'తో తెప్పించుకొని, పరీక్షలు నడిపి చూడవచ్చు. దానికి మనం ఇవ్వవలసినవి నాలుగు: ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఫజ్ర్, ఇషాలకు సూర్యుని కోణాలు లెక్కించే పద్ధతి, అస్ర్‌కు మజ్‌హబ్.

ఉప్పల్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.56 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. తేడా 3.94 డిగ్రీలు. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక సూర్యుడు మన నడినెత్తి రేఖకు గడియారం 12 కొట్టిన తరువాత సుమారు 16 నిమిషాలకు వస్తాడు. ఇది సగటు. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల, దాని అక్షం వాలి ఉండడం వల్ల ఏడాది పొడవునా ఈ లెక్క ముందుకు వెనుకకు జరుగుతూ ఉంటుంది. నవంబరు మొదటి వారంలో ఉప్పల్‌లో మిట్టమధ్యాహ్నం 11:59కే వస్తుంది. ఫిబ్రవరి రెండవ వారంలో 12:30కి వస్తుంది. చార్మినార్‌కు, ఉప్పల్‌కు మధ్య తేడా 20 సెకన్లే, కనుక పాతబస్తీ పట్టికను మనం నిశ్చింతగా వాడుకోవచ్చు.

బిల్డ్ చేసిన ప్రోగ్రాము సరైన జవాబు ఇస్తున్నదని నమ్మడం ఎలా? ఇందుకు మేడపై ఒక కర్ర నిలబెడితే చాలు. హైదరాబాద్ అక్షాంశంపై సూర్యుడు సరిగా నడినెత్తిన నిలిచే రోజులు ఏడాదికి రెండు వస్తాయి, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మే 9న అది ఉప్పల్‌లో 12:12కి జరగాలి. ఆ రోజున మధ్యాహ్నపు నీడ సున్న కనుక అస్ర్ లెక్క కూడా సులభం. నీడ కర్రతో సమానమయ్యే వేళ దాదాపు 3:20. నీడ కర్రకు రెట్టింపయ్యే వేళ దాదాపు 4:40. మొదటిది షాఫయీ అస్ర్, రెండవది హనఫీ అస్ర్. ప్రోగ్రాము చెప్పినది, కర్ర చెప్పినది ఒక్కటైతే మన బిల్డ్ సరైనదే. లోపల ఏమున్నదో చూడకుండా నమ్మడానికీ, ఇలా నమ్మడానికీ ఎంత తేడా!

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మజ్‌హబ్ ఏదో మనం చెప్పకపోతే ఆ లైబ్రరీ షాఫయీ లెక్కనే తీసుకుంటుంది. బార్కస్‌లోని అరబ్బు మూలాల కుటుంబాలకు అది సరిపోతుంది. హనఫీ ఇళ్లలో మాత్రం అస్ర్ చాలా ముందుగా కనిపిస్తుంది. అప్పుడు 'యాప్ తప్పు' అని కొట్టిపారేయకుండా అమరికను చూడాలి. రెండవది, మన ప్రాంతంలో ఎక్కువగా వాడే కరాచీ పద్ధతిని ఎంచుకుంటే ఫజ్ర్‌కూ ఇషాకూ సూర్యుడు 18 డిగ్రీలు దిగువన ఉన్న వేళను తీసుకుంటుంది. అంతవరకు బాగానే ఉన్నది, కాని మే 9న జుహ్ర్ వేళ 12:12 అని కాక 12:13 అని చూపుతుంది. లెక్క తప్పిందా? లేదు. ఆ పద్ధతికి జుహ్ర్‌కు ఒక నిమిషం కలపాలని రచయితలు కోడ్‌లోనే రాసి ఉంచారు. వండిన డబ్బాలో ఈ ఒక్క నిమిషం ఎక్కడి నుంచి వచ్చిందో ఎన్నటికీ తెలియదు. సోర్స్ తెరిస్తే ఒక వరుసలో కనిపిస్తుంది.

మూడవ మెట్టు పూర్తి యాప్. ఆండ్రాయిడ్‌లో బహుళంగా వాడే ఖుర్‌ఆన్ యాప్‌లలో ఒకదాని కోడ్ 'ఖుర్‌ఆన్ ఆండ్రాయిడ్' అనే పేరుతో గిట్‌హబ్‌లో జీపీఎల్ 3 లైసెన్సుతో ఉన్నది. దీనికి జావా డెవలప్‌మెంట్ కిట్, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే, గ్రాడిల్ కావాలి. మొదట కోడ్‌తో వచ్చే 'రీడ్‌మీ' ఫైలును పూర్తిగా చదవాలి. జావా ఏ వెర్షన్ కావాలో ప్రాజెక్టు చెప్పినదే వేసుకోవాలి, కొత్తదైతే మేలని ఊహించుకోరాదు. సగం మంది ఆగిపోయేది ఈ వెర్షన్ల పొందిక దగ్గరే. గ్రాడిల్‌ను మాత్రం విడిగా వేసుకోనక్కరలేదు, ప్రాజెక్టులో ఉండే 'గ్రాడిల్ ర్యాపర్' తనకు సరిపడిన వెర్షన్‌ను తానే తెచ్చుకుంటుంది. మొదటిసారి బిల్డ్‌కు చాలా డేటా దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌పై ఆధారపడితే రోజువారీ కోటా మధ్యలోనే అయిపోవచ్చు. కళాశాలలోనో, బంధువుల ఇంట్లోనో వైఫై ఉన్న చోట మొదటి బిల్డ్ ముగించుకుంటే, తరువాత గ్రాడిల్‌ను 'ఆఫ్‌లైన్'లో నడపవచ్చు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోకుండా ఉండే వేళ చూసుకోవడం మరువకండి.

ఇటువంటి యాప్‌ల విషయంలో పిల్లలకు ఒక భేదం స్పష్టంగా నేర్పాలి. యాప్ కోడ్‌ను ఎవరైనా మార్చవచ్చు. అందులో పొదిగే దివ్య ఖుర్‌ఆన్ పాఠాన్ని ఎవరూ మార్చరాదు. 2007లో మొదలైన 'తంజీల్' అనే పథకం ఖుర్‌ఆన్ అరబీ పాఠాన్ని యూనికోడ్‌లో అక్షరం అక్షరం సరిచూసి అందరికీ అందుబాటులో ఉంచింది. ఉన్నదున్నట్లుగా నకలు తీసుకొని పంచుకోవచ్చు, మార్పు చేయడానికి మాత్రం అనుమతి లేదని దాని షరతు. లైసెన్సు కాగితాలను ఎవరూ చదవరు గాని, ఇక్కడ మాత్రం చదవాలి. ఒకే సంచిలో మార్చదగినదీ, మార్చరానిదీ పక్కపక్కనే ఉన్నాయి.

సోర్స్ బయట ఉన్నంత మాత్రాన భద్రత దానంతటదే రాదని కూడా చెప్పాలి. 2024 మార్చి 29, రంజాన్ మాసంలోని ఒక శుక్రవారం, ఆండ్రెస్ ఫ్రౌండ్ అనే ఇంజినీరు ఒక హెచ్చరికను ప్రపంచం ముందుంచారు. లినక్స్ యంత్రాల్లో విరివిగా ఉండే 'ఎక్స్‌జెడ్' అనే కుదింపు ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారిని అమర్చారని. ఆయనకు అనుమానం వచ్చింది ఎందుకో తెలుసా? దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి ఉండవలసినదాని కంటే అర సెకను ఎక్కువ పట్టింది! రెండేళ్లకు పైగా మంచివాడిగా మెలగి, నమ్మకం సంపాదించి, నిర్వాహకుడిగా మారిన ఒక మారుపేరు వ్యక్తి ఆ పని చేశాడు. ఆ దొంగదారిని మేల్కొలిపే ఒక ముక్క గిట్‌లోని కోడ్‌లో కనిపించదు. పంపిణీకి కట్టిన మూటలో మాత్రమే ఉన్నది. హదీసు శాస్త్రంలో సనదుకు ఉన్న ప్రాముఖ్యం మన పాఠకులకు తెలిసినదే. కోడ్‌లో కూడా ఎవరి నుంచి ఎవరికి, ఏ చేతుల మీదుగా వచ్చిందన్న గొలుసు అవసరమే, పోలిక అంతవరకే అనుకోండి. కనుక కోడ్‌ను అసలు చోటి నుంచే తెచ్చుకోవాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన మూట విప్పరాదు. సంతకం సరిచూడగలిగిన చోట సరిచూడాలి.

అమ్మాయి ఇంతవరకు వచ్చిందంటే ప్రాజెక్టుకు విషయం వెతకనక్కరలేదు. ఆండ్రాయిడ్ యాప్‌లలో తెరపై కనిపించే మాటలన్నీ కోడ్‌తో కలవకుండా వేరే ఫైలులో ఉంటాయి. తెలుగు మాటల కోసం 'వాల్యూస్' పక్కన 'టీఈ' చేర్చిన ఫోల్డరు పెడితే, ఫోన్ భాష తెలుగైనవారికి ఆ మాటలే కనిపిస్తాయి. 'సెట్టింగ్స్'కు, 'బుక్‌మార్క్'కు, 'నోటిఫికేషన్'కు నానీమాకు కూడా అర్థమయ్యే తెలుగు మాట ఏమిటో ఆలోచించడం కంప్యూటర్ పని కంటే కష్టం. ఆ పనికి ఇంటిల్లిపాదీ సాయపడవచ్చు. మాటలు కుదిరాక వాటిని అసలు ప్రాజెక్టుకే పంపితే అక్కడివారు పరిశీలించి చేర్చుకుంటారు. అమ్మాయి చేసిన మార్పు గిట్ చరిత్రలో నిలిచి ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపడానికి సర్టిఫికెట్ కంటే అది బలమైన కాగితం.

అలా కాక మార్చిన యాప్‌ను విడిగా బంధుమిత్రులకు పంచదలిస్తే రెండు బాధ్యతలున్నాయి. జీపీఎల్ షరతు ప్రకారం యాప్ అందుకున్నవారు అడిగితే మార్పులతో కూడిన సోర్స్‌ను కూడా ఇవ్వాలి. మరొకటి, ఆండ్రాయిడ్ యాప్‌పై తయారీదారు సంతకం ఉండాలి. ఆ సంతకపు తాళం చెవి ఒక చిన్న ఫైలు. దానిని తయారు చేసిన రోజునే రెండు పెన్‌డ్రైవ్‌లలో నకలు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి మామూజాన్ ఇంట్లో ఉంచండి, సంకేతపదం వేరే కాగితంపై రాసి పెట్టండి. తాళం పోతే, వేరే తాళంతో సంతకం చేసిన కొత్త వెర్షన్‌ను ఫోన్ పాతదానిపై వేసుకోదు. అందరూ పాతది తొలగించి మళ్లీ వేసుకోవలసి వస్తుంది, వారు పెట్టుకున్న గుర్తులన్నీ దానితోనే పోతాయి.